లాంచీలో రెండు బ్యాటరీలు: జమాఖర్చుల లెక్క

ఖమ్మము, మధిర పట్టణముల నడుమ రైలుమార్గముపై నున్న మన బోనకల్లులో పడవల రేవు లేదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు బోనకల్లు శాఖా కాలువ ద్వారా మన పొలములకు చేరుచున్నను, ఆ కాలువపై లాంచీలు నడువవు. అట్టి చోట లాంచీ బ్యాటరీలను గూర్చిన వ్యాసమేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి మా సమాధానము ఇది.

మన ప్రాంతమునుండి భద్రాచలము మీదుగా పాపికొండల విహారయాత్రకు పోవు కుటుంబములు, విద్యార్థి బృందములు అనేకములు. పోచవరము రేవులో లాంచీ యెక్కి, ఇరువైపుల అడవి కొండల నడుమ గోదావరిపై సాగు ఆ ప్రయాణములో మనము ప్రకృతిని చూతుము, పాటలు విందుము, భోజనము చేయుదుము. లాంచీ క్రింది భాగమున ఒక మూల పెట్టెలో నున్న రెండు మూడు బ్యాటరీలను మాత్రము ఎవ్వరును చూడరు. ఇంజనును ఆరంభించునవి అవే. అడుగున చేరు నీటిని తోడు పంపును, దీపములను, మైకును, హెచ్చరిక హారనును నడుపునవియు అవే.

కొండల నడుమ గోదావరి ఇరుకై, లోతై, సుడులు తిరుగుచు పారు చోట ఇంజను ఆగి, తిరిగి ఆరంభము కాకపోయినచో ఆ లాంచీ ప్రవాహము మాట వినునే గాని చుక్కాని మాట వినదు. 2018 మే నెలలో దేవీపట్నము సమీపమున ఒక పర్యాటక బోటుకు నిప్పంటుకొనగా ప్రయాణికులు ఒడ్డుకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద మరియొక పర్యాటక బోటు మునిగి అనేకులు మరణించిరి. ఈ దుర్ఘటనలకు బ్యాటరీలు కారణమని మేము చెప్పుటలేదు. నదిపై చిన్న ఏమరుపాటునకు కూడ పెద్ద మూల్యము చెల్లింపవలసి వచ్చునని జ్ఞప్తి చేయుటయే మా ఉద్దేశము.

మన గ్రామముల యువకులలో మోటారు మెకానిక్కు పనిని, ఎలక్ట్రీషియను పనిని నేర్చువారు పలువురు కలరు. ఖమ్మములోని లకారము చెరువుపైనను, పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయముపైనను, గోదావరిపైనను తిరుగు పడవల మరమ్మత్తు రేపు వారి చేతికి రావచ్చును. కనుక బహు బ్యాటరీలు గల లాంచీలో చార్జింగు సరిగా జరుగనప్పుడు లోపమును క్రమముగా కనుగొను విధానమును ఈ వ్యాసమున వివరింతుము.

జమ, ఖర్చు, బాకీ

జమ, ఖర్చు, బాకీ, మరమ్మత్తు, కళాసీ మొదలగు మాటలు మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఉమ్మడి సొత్తు. బ్యాటరీని అర్థము చేసికొనుటకు ఈ అంగడి మాటలకంటె మంచి మాటలు లేవు. బ్యాటరీ విద్యుత్తును పుట్టించునది కాదు. ముందుగా జమ చేసిన దానిని అడిగినప్పుడు తిరిగి యిచ్చునది మాత్రమే. జమకంటె ఖర్చు హెచ్చయినచో ఎంత క్రొత్త బ్యాటరీ యైనను దివాలా తీయక తప్పదు.

తిరిగి చార్జి చేయదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే నిర్మించెను. అందులో ఒక ఫలకము సీసము, మరియొకటి సీసపు డయాక్సైడు, వాని నడుమ సజల గంధకికామ్లము ఉండును. విద్యుత్తు ఖర్చగుచున్న కొలది రెండు ఫలకములపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును, ఆమ్లము పలుచనగును. చార్జి చేసినప్పుడు ఈ మార్పు వెనుకకు జరుగును. ఖర్చయిన బ్యాటరీని దినములు, వారములు అట్లే విడిచిపెట్టినచో ఆ సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జి చేసినను కరుగదు. బ్యాటరీ అకాల మరణమునకు ముఖ్య కారణములలో ఇది యొకటి.

ఒక్కొక్క అరలో సుమారు 2 ఓల్టులు పుట్టును. అట్టి ఆరు అరలు కూడినదే మనము 12 ఓల్టుల బ్యాటరీ యనునది. నిండుగా చార్జి అయి, కొన్ని గంటలు విశ్రాంతిగా నున్నప్పుడు అది 12.6 లేక 12.7 ఓల్టులు చూపును. 12.2 ఓల్టులు చూపినచో సగము మిగిలినదని, 12 ఓల్టులకు దిగినచో పాతిక భాగమే మిగిలినదని స్థూలముగా గ్రహింపవచ్చును. నిండుదనమునకు, దివాలాకు నడుమ భేదము ఒక్క ఓల్టు కంటె తక్కువ యని గమనింపుడు. అందువలన కంటి అంచనాయు, దీపపు కాంతి అంచనాయు ఇచట చెల్లవు. అంకెలు చూపు మల్టీమీటరు చేతనుండవలెను.

రెండు స్వభావములు

లాంచీలో ఒకటికి మించి బ్యాటరీలు ఎందులకు? ఖర్చులు రెండు స్వభావములవి గనుక. స్టార్టరు మోటారు, అనగా మెకానిక్కులు సెల్ఫు అని పిలుచునది, కొలది క్షణములపాటు మిక్కిలి పెద్ద ప్రవాహమును కోరును. 200 ఆంపియర్లు 4 సెకండ్ల పాటు తీసికొన్నదనుకొందము. ఆ మొత్తము 800 ఆంపియర్-సెకండ్లు. గంటకు 3600 సెకండ్లు గనుక అది 0.22 ఆంపియర్-గంట మాత్రమే. చూచుటకు భీకరమైన ఈ ఖర్చు నిజమునకు చాల స్వల్పము. ఇంజను నడచిన కొలది నిమిషములలోనే అది తిరిగి జమ యగును.

దీపములు, పంకాలు, మైకు, పాటల పెట్టె అట్లు కావు. అన్నియు కలిసి 15 ఆంపియర్లే తీసికొన్నను, నాలుగు గంటలకు 60 ఆంపియర్-గంటలు ఖర్చగును. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడకుండుట దాని ఆయువునకు మేలు. ఈ లెక్కన ఒక్క సాయంకాలపు వినోదముతోనే ఆ హద్దు దాటినట్లయినది.

ఈ రెండు ఖర్చులను ఒకే బ్యాటరీపై మోపినచో పాటలకు ఖర్చయిన తరువాత ఇంజనును ఆరంభించుటకు ఏమియు మిగులదు. అందుచేత ఆరంభపు బ్యాటరీ వేరుగా, వాడుక బ్యాటరీ వేరుగా ఉంచుదురు. మొదటిదానిలో పలుచని ఫలకములు ఎక్కువగా నుండి, ఒక్కసారిగా పెద్ద ప్రవాహము నిచ్చును. రెండవదానిలో మందమైన ఫలకములుండి, నిదానముగా చాలసేపు ఇచ్చును. వాడుక బ్యాటరీ పూర్తిగా అడుగంటినను ఆరంభపు బ్యాటరీ నిండుగా నుండవలెను. బహు బ్యాటరీల ఏర్పాటునకు ఇదియే పరమ ప్రయోజనము.

రైలుపెట్టె చెప్పు పాఠము

ఈ జమాఖర్చుల పద్ధతి మన ఊరివారికి క్రొత్త కాదు. మన స్టేషనులో ఆగు ప్యాసింజరు రైళ్ళలో చాలకాలము పాటు ప్రతి పెట్టె క్రిందను బ్యాటరీల వరుసయు, ఇరుసుతో తిరుగు ఆల్టర్నేటరును ఉండెడివి. బండి పరుగెత్తునప్పుడు ఆల్టర్నేటరు దీపములను వెలిగించుచునే బ్యాటరీలను నింపెడిది. సిగ్నలు కొరకు బండి నిలిచినప్పుడు బ్యాటరీలే ఆ భారము మోసెడివి. ఎక్కువసేపు నిలిచిన బండిలో పంకాలు మెల్లగ తిరుగుటయు, దీపములు మసకబారుటయు చూచినవారు జమ లేని ఖర్చు ఎట్లుండునో కన్నులారా చూచినవారే.

లాంచీలో ఇరుసునకు బదులు ఇంజనే ఆల్టర్నేటరును బెల్టుతో త్రిప్పును. 12 ఓల్టుల ఏర్పాటులో అది 14 మొదలు 14.4 ఓల్టుల వరకు ఇచ్చును. బ్యాటరీ ఓల్టులకంటె ఇది కొంత హెచ్చుగా నుండుటచేతనే ప్రవాహము బ్యాటరీలోనికి పోగలుగును. ఎత్తునుండి పల్లమునకు నీరు పారునట్లే ఇదియు. కాలువ తూము వద్ద నీరు నిండుగా నున్నను, నడుమ గండి పడినచో చివరి పొలము ఎండును. చార్జింగు లోపములలో పెక్కు ఇట్టి చివరి పొలపు బాధలే.

పంపకమునకు మూడు పద్ధతులు

ఒక్క ఆల్టర్నేటరు రెండు బ్యాటరీలకు పంచవలెను; కాని ఇంజను ఆగినంతనే అవి ఒకదాని సొమ్ము మరియొకటి తినరాదు. దీనికి మూడు ఏర్పాట్లు వాడుకలో నున్నవి.

మొదటిది చేతి స్విచ్చి. దానిపై ఒకటి, రెండు, రెండును, ఆపు అను నాలుగు స్థానములుండును. ఇది సులభమైనది, చవుకైనది. కాని మనుష్యుని జ్ఞాపకముపై ఆధారపడినది. రేవు చేరిన పిదప సరంగు దానిని 'రెండును' స్థానముననే మరచిపోయినచో రాత్రి దీపములు రెండు బ్యాటరీలను ఖాళీ చేయును. ఇంజను నడుచుచుండగా 'ఆపు' స్థానమునకు త్రిప్పినచో ఆల్టర్నేటరులోని డయోడ్లు మాడిపోవచ్చును.

రెండవది డయోడుల పెట్టె. ప్రవాహమును ఒకే దిశలో పోనిచ్చుట డయోడు స్వభావము. కనుక బ్యాటరీలు ఒకదానిలోనికి మరియొకటి పోవు అవకాశము లేదు. అయితే సాధారణ సిలికాను డయోడు తన సుంకముగా సుమారు 0.7 ఓల్టు తీసికొనును. ఆల్టర్నేటరు 14.2 ఓల్టులిచ్చినను బ్యాటరీకి 13.5 మాత్రమే చేరును. అట్టి బ్యాటరీ ఏనాడును పూర్తిగా నిండక, నెలలు గడచుసరికి సల్ఫేటు గట్టిపడి చచ్చును. బ్యాటరీ చోటనే ఓల్టులు చూచి తదనుగుణముగా హెచ్చించు తీగను రెగ్యులేటరునకు కలుపుటయే దీనికి విరుగుడు.

మూడవది ఓల్టులను గమనించి తనంత తాను కలిపి విడదీయు రిలే. ఆరంభపు బ్యాటరీ ముందుగా నిండి, ఓల్టులు సుమారు 13.3 దాటినంతనే అది రెండు బ్యాటరీలను కలుపును. ఇంజను ఆగి 12.8 ప్రాంతమునకు దిగినంతనే విడదీయును. ఈ అంకెలు నమూనాను బట్టి కొంత మారును. చిన్న విహార పడవలకు ఇది అనుకూలమైన ఏర్పాటు.

ఈ మూటిలో ఏది యున్నను, బ్యాటరీలన్నిటి ఋణ ధ్రువములు ఒకదానితో నొకటి కలిసియుండవలెను. ధన ధ్రువపు తీగలను శ్రద్ధగా అమర్చి, క్రొత్త బ్యాటరీ ఋణ ధ్రువమును దీపములకు మాత్రము కలిపి ఇంజనుకు కలుపకుండ విడిచినచో, ప్రవాహము తిరిగివచ్చు దారి లేదు గనుక ఆ బ్యాటరీకి చుక్కయైనను చేరదు.

లోపపరిశోధన క్రమము

లాంచీ ఆరంభము కానప్పుడు ఎక్కువమంది మొదట చేయు పని బ్యాటరీని నిందించుట, రెండవ పని క్రొత్తది కొనుట. క్రొత్త బ్యాటరీ కొన్ని దినములు బాగుగనే పనిచేయును. ఏలయన అది దుకాణమునుండి నిండుగా వచ్చినది. ఆ నిలువ ఖర్చయిన పిమ్మట పాత జబ్బే తిరిగివచ్చును. జబ్బు బ్యాటరీలో కాక జమ వచ్చు దారిలో నున్నప్పుడు బ్యాటరీని మార్చుట, పంట ఎండినదని పొలమును మార్చుట వంటిది. కనుక క్రింది కొలతలను వరుస తప్పక తీయవలెను.

మొదటి కొలత, విశ్రాంతి కొలత. ఇంజను ఆపి, కొన్ని గంటలు గడచిన పిదప, వీలయినచో మరునాటి ఉదయమున, రెండు బ్యాటరీలను వేరుచేసి ఒక్కొక్కదాని ఓల్టులు వ్రాసికొనవలెను. చార్జింగు ఆగిన వెంటనే కొలిచినచో పైపై చార్జి వలన అంకె హెచ్చుగా కనబడి మోసపుచ్చును. ఏదేని యొకటి చార్జి అయిన పిదప కూడ 10.5 ప్రాంతముననే నిలిచినచో అందులో ఒక అర చచ్చినదని అనుమానింపవలెను. మూతలు తెరచు రకమైనచో హైడ్రోమీటరుతో ఒక్కొక్క అరలోని ఆమ్ల సాంద్రతను చూడవలెను. నిండిన బ్యాటరీలో అది సాధారణముగా 1.25 మొదలు 1.28 వరకు ఉండును. అయిదు అరలు సమానముగా నుండి ఆరవది మాత్రము బాగుగా తగ్గియున్నచో, అప్పుడు మాత్రమే బ్యాటరీని నిందించుట న్యాయము.

రెండవ కొలత, ఇంజను నడుచుచుండగా. ఇంజను వేగమును కొంత హెచ్చించి మూడు చోట్ల కొలువవలెను: ఆల్టర్నేటరు వద్ద, ఆరంభపు బ్యాటరీ వద్ద, వాడుక బ్యాటరీ వద్ద. మీటరు మొనలను తీగ చివరి బిళ్ళకు కాక బ్యాటరీ సీసపు ధ్రువమునకే తాకించవలెను. ఈ మూడు అంకెలే రోగ నిర్ణయమునకు మూడు సాక్షులు.

మూడు చోట్లను 12.4 వంటి అంకెయే యుండి పెరుగకున్నచో ఆల్టర్నేటరే జమ చేయుటలేదు. బెల్టు వదులైనదేమో, రెగ్యులేటరు చెడినదేమో, చార్జింగు దీపము మాడినదేమో చూడవలెను. కొన్ని ఏర్పాట్లలో ఆ చిన్న దీపము ద్వారా పోవు ప్రవాహమే ఆల్టర్నేటరును మేల్కొలుపును. కొన్ని రూపాయల దీపము మాడుటచే యంత్రమంతయు నిద్రించును.

ఆల్టర్నేటరు వద్దను, ఆరంభపు బ్యాటరీ వద్దను 14.2 ఉండి, వాడుక బ్యాటరీ వద్ద 12.3 మాత్రమే యున్నచో పంపకములో లోపము కలదు. ఫ్యూజు పోయినదా, రిలే కలియుటలేదా, రిలేకు ఋణ తీగ ఊడినదా, స్విచ్చి ఒకటవ స్థానముననే యున్నదా, ఋణ ధ్రువములు కలుపబడినవా అని వరుసగా చూడవలెను. వాడుక బ్యాటరీ వద్ద 13.5 ఉన్నచో డయోడు సుంకమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

మూడు చోట్లను 15 ఓల్టులు దాటినచో రెగ్యులేటరు అదుపు తప్పినది. ఇది తక్కువ చార్జింగుకంటె ప్రమాదకరము. బ్యాటరీ వేడెక్కును, నీరు త్వరత్వరగా తగ్గును, ఘాటైన వాసన వచ్చును. అట్టి లాంచీని నడుపక వెంటనే బాగు చేయింపవలెను.

మూడవ కొలత, దారిలోని నష్టము. ఇచట ఓము సూత్రము మనకు దారి చూపును: ప్రవాహమును నిరోధముతో గుణించిన లబ్ధమే ఓల్టుల నష్టము. తుప్పు పట్టిన ఒక బిళ్ళ వద్ద నిరోధము 0.03 ఓము అనుకొందము. 20 ఆంపియర్ల చార్జింగు పోవునప్పుడు అచట 0.6 ఓల్టు నష్టమగును. అదే బిళ్ళ గుండా సెల్ఫు 200 ఆంపియర్లు కోరినప్పుడు నష్టము 6 ఓల్టులు. ఇంజను టక్కుమని శబ్దము చేసి ఊరకుండును. బ్యాటరీ నిండుగానే యున్నను లోకము దానినే నిందించును. కనుక ప్రవాహము పోవుచుండగా తీగ ఒక కొనను ఒక మొన, రెండవ కొనను రెండవ మొన తాకించి కొలువవలెను. చార్జింగు సమయమున ఒక తీగపై అర ఓల్టు నష్టము కనబడినచో అందలి అతుకులను విప్పి, గీకి, బిగించి, పైన గ్రీజు పూయవలెను. తేమ గాలిలో నుండు లాంచీలో ఇది ఏటేటా చేయదగిన పని.

నాలుగవ కొలత, దొంగ ఖర్చు. అన్ని స్విచ్చులు ఆపి, బ్యాటరీ ఋణ తీగను విప్పి, దాని నడుమ ఆంపియరు మీటరు ఉంచవలెను. ఆ సమయమున సెల్ఫు వేయరాదు. వేసినచో మీటరు చెడును. ఏమియు నడువనప్పుడు అర ఆంపియరు పోవుచున్నచో దినమునకు 12, వారమునకు 84 ఆంపియర్-గంటలు వృథా. వరద కాలమున విహారయాత్రలు నిలిచి లాంచీలు రేవున కట్టివేయబడినప్పుడు బ్యాటరీలు చచ్చుటకు ఇది ఒక కారణము. కట్టివేసిన లాంచీలలో నీరు తోడు పంపునకు తప్ప తక్కినవానికి సంబంధము తెంచి, నెలకొకసారి బ్యాటరీని నిండుగా చార్జి చేయవలెను. ఆ పంపు మాత్రము తన ప్రత్యేక ఫ్యూజుతో బ్యాటరీకి నేరుగా కలుపబడియుండుట మేలు. మనుష్యుడు లేనప్పుడే దాని అవసరము ఎక్కువ.

ఈ నాలుగు కొలతలును సరిగా నుండి కూడ వాడుక బ్యాటరీ ప్రతి సాయంకాలము అలసిపోవుచున్నచో లోపము యంత్రమున లేదు, లెక్కలో కలదు. ఖర్చయిన 60 ఆంపియర్-గంటలను తిరిగి జమ చేయుటకు 20 ఆంపియర్ల చొప్పున మూడు గంటలకు పైగా పట్టును. చివరి అయిదవ వంతు మరింత నిదానముగా నిండును. అరగంట నడచి మూడు గంటలు నిలుచు లాంచీకి ఇది ఎట్లు పొసగును? అట్టిచో రేవున కరెంటుతో నడచు చార్జరునో, పైకప్పున సౌర ఫలకమునో ఏర్పరచుకొనవలెను. లేదా ఖర్చు తగ్గించుకొనవలెను.

24 ఓల్టుల లాంచీలు

పెద్ద డీజిలు ఇంజనులు గల లాంచీలలో రెండు 12 ఓల్టుల బ్యాటరీలను ఒకదాని వెనుక నొకటి కలిపి 24 ఓల్టులు చేయుదురు. ఇచట తరచు జరుగు పొరపాటు ఒకటి కలదు. పాటల పెట్టె 12 ఓల్టులది గనుక దానిని రెండు బ్యాటరీలలో ఒకదానికే తగిలింతురు. ఆ బ్యాటరీ ఒక్కటే ఖర్చగును; చార్జింగు మాత్రము రెండింటికి ఒకే ప్రవాహముగా పోవును. మొత్తము 28.4 ఓల్టులున్నప్పుడు నిండిన బ్యాటరీపై 15.2, ఖాళీ బ్యాటరీపై 13.2 పడవచ్చును. ఒకటి ఉడికి చచ్చును, మరియొకటి ఆకలితో చచ్చును. మొత్తము మాత్రము సరిగానే కనబడుటచే మెకానిక్కు తికమకపడును. కనుక ఒక్కొక్క బ్యాటరీని విడివిడిగా కొలువక నిర్ణయమునకు రాగూడదు. 24 ఓల్టులను 12 ఓల్టులకు దించు కన్వర్టరును వాడుటయే దీనికి సరియైన మార్గము.

పాత బ్యాటరీ ప్రక్కన క్రొత్తదానిని జతపరచుటయు ఇట్టిదే. బలహీనమైనది బలమైనదానిని తన స్థాయికి దించును. జతను ఒకే రకము, ఒకే వయస్సు గలవానితో మార్చవలెను. ఇటీవల వాడుకలోనికి వచ్చిన లిథియము ఐరను ఫాస్ఫేటు బ్యాటరీ నాలుగు అరలతో 12.8 ఓల్టులు చూపును. దాని చార్జింగు నియమములు వేరు. అది ఆల్టర్నేటరునుండి శక్తికి మించిన ప్రవాహమును లాగి వేడెక్కింపగలదు. కనుక దానిని సీసపు బ్యాటరీతో నేరుగా కలుపక, నడుమ తగిన చార్జరు ఉంచవలెను.

ప్రాణరక్షణ నియమములు

చార్జి అగుచున్న సీసపు బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరినచో నిప్పురవ్వ తగిలి ప్రేలగలదు. కనుక బ్యాటరీ పెట్టెకు గాలి యాడవలెను. దాని దగ్గర బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల పనికిరావు. తీగ విప్పునప్పుడు ఋణ ధ్రువము మొదట, బిగించునప్పుడు ఋణ ధ్రువము చివర. ఈ వరుస పాటించినచో స్పానరు ఇంజనుకు తగిలినను మెరుపు రాదు. ధన ధ్రువమునుండి పోవు ప్రతి తీగకును బ్యాటరీకి వీలయినంత దగ్గరగా ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు పోయినప్పుడు దానికి బదులు రాగి తీగ చుట్టుట నదిపై నిప్పును పెంచుకొనుటయే. సెల్ఫునకు పోవు లావు తీగ విషయమున మాత్రము ఇంజను తయారీదారుని సూచనలను అనుసరింపవలెను. బ్యాటరీలో పోయునది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. బావి నీరు, నది నీరు పోయరాదు. ఆమ్లము కంటిలో పడినచో వెంటనే విస్తారముగా మంచినీటితో కడిగి వైద్యుని వద్దకు కొనిపోవలెను.

కడపటి మాట

ప్రతి లాంచీలోను ఒక చిన్న నోటు పుస్తకము ఉండవలెనని మా అభిప్రాయము. వారమున కొకసారి ఉదయమున రెండు బ్యాటరీల విశ్రాంతి ఓల్టులను, ఇంజను నడుచునప్పటి ఓల్టులను సరంగు గాని కళాసీ గాని అందు వ్రాసికొన్నచో అయిదు నిమిషములకు మించి పట్టదు. ఆరంభపు బ్యాటరీ అంకె వారము వారము తగ్గుచున్నచో ఆ పుస్తకము ఇంజను ఆగకముందే, రేవులో నున్నప్పుడే హెచ్చరించును. ఇంజను ఆగిన పిమ్మట తెలియు సత్యము నడినదిలో ఎవ్వరికిని ఉపకరింపదు.

ఈ విద్య లాంచీకే పరిమితము కాదు. మన ఇండ్లలోని ఇన్వర్టరు బ్యాటరీకి, పొలము దున్ను ట్రాక్టరునకు, ఆటోకును ఇవే కొలతలు, ఇదే వరుస. విద్యార్థులు భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో ఓము సూత్రమును మార్కుల కొరకు నేర్చెదరు. పాపికొండల నడుమ సాయంసంధ్య వేళ పిల్లాపాపలతో నున్న ఒక లాంచీలో ఇంజను మొదటి ప్రయత్నమునకే మ్రోగుట కూడ ఆ సూత్రపు ఫలమే. మరమ్మత్తు చేయువాడు కొలిచిన పిమ్మటనే తీర్పు చెప్పవలెను. ప్రయాణికుడు లాంచీ యెక్కునప్పుడు లైఫ్ జాకెట్టును అడిగినట్లే, రెండవ బ్యాటరీ నిండుగా నున్నదా యని కూడ అడుగ నేర్వవలెను.